రెండు టికెట్లు

బూట్లు విప్పి గులకరాళ్ళ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది, పొద్దుటినుంచి పదిహేను కిలోమీటర్ల దిగుడుదారిలో బూటు కొనకి కొట్టుకుంటే ఇంకేమవుతుంది, నాలుగు రోజుల్లో ఊడిపోతుంది, ఊడిపోనీ. ఓడ ఐదున్నరకి. ఇప్పుడు నాలుగూ ఇరవై. బల్ల మీద రెండు గ్లాసుల ఐస్ కాఫీ. రెండెందుకు చెప్పానో నాకే తెలియదు, నోటికి అలవాటైపోయి "రెండు, ఒకటి చక్కెర లేకుండా" అని వచ్చేసింది. హోటలావిడ గరుఫల్యా రెండూ తెచ్చిపెట్టి, ఎదురుగా ఖాళీ కుర్చీ వంక ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది. అడిగితే ఏం చెప్పేదాన్ని? మా ఆయన వెనక వస్తున్నాడు, ప్రతి రాయినీ పలకరించి గానీ రాడు, మేకలక్కూడా కుశలప్రశ్నలు వేస్తాడు అని చెప్పేదాన్ని. ఆవిడ నవ్వేది. స్తమాతిస్ సంగతి చెబితే అందరూ నవ్వుతారు, అందరికీ అతనంటే ముద్దే, కాపురం చేసేది నేను గదా. చక్కెర లేని గ్లాసులో మంచుముక్కలు సగమయ్యాయి. రానీ, నీళ్ళైపోయిన కాఫీ తాగుతాడు, అప్పుడైనా తెలిసొస్తుంది.

ఎదురుచూడడం నాకేం కొత్త? ముప్ఫై నాలుగేళ్ళు పిరెయస్ రేవులో చేసిన పని అదేగా. స్తమాతిస్ ఫెర్రీ ఓడల్లో ఇంజను మెకానిక్. పైన జనం ఎండలో ఫొటోలు దిగుతుంటే కింద ఆ నూనెలో, ఆ వేడిలో, ఆ హోరులో అతను. పద్దెనిమిది రోజులు నీళ్ళ మీద, ఆరు రోజులు ఇంట్లో. ఓడ వచ్చే రోజు రేవులో నిలబడి, లారీలన్నీ దిగాక, కార్లన్నీ దిగాక, సూట్‌కేసుల జనమంతా దిగాక, అందరికంటే చివర చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చే మనిషి కోసం చూసేదాన్ని. వెళ్ళే రోజు ఏడ్చేదాన్ని. అబద్ధం కాదు, ప్రతిసారీ ఏడ్చేదాన్ని. కానీ ఓడ రేవు దాటి మలుపు తిరిగాక ఇంటికొచ్చి, చెప్పులు ఓ మూలకి విసిరి, మంచానికి అడ్డంగా పడుకుని, వంట మానేసి పుచ్చకాయ ముక్కలూ చీజూ తిని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని ఆ ఇంట్లో రేడియో పెట్టుకుంటే ఎంత హాయిగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయం కాదది. ఇన్నేళ్ళు దాచుకున్నదాన్ని ఇవాళ మధ్యాహ్నం కొండలు దద్దరిల్లేలా అరిచి చెప్పాను.

ఆ కాలిబాట చివర ఎవరో వస్తున్నారు. ఇద్దరు. నీలం టోపీలు. కాదు, పొద్దున దారిలో మాకు బాదంపప్పులు పెట్టిన డచ్చి దంపతులు. ఆవిడ నన్ను చూసి చెయ్యి ఊపింది, నేనూ ఊపాను, చెయ్యి దించేశాక గాని గుర్తురాలేదు, ఆ అరుపు విన్నవాళ్ళలో వీళ్ళూ ఉన్నారని. భాష తెలియదులే. అలాంటి మాటకి భాష కావాలా?

రెండేళ్ళ క్రితం రిటైరయి వచ్చాడు. ఈసారి సంచీ అటకెక్కింది. మొదటి వారంలోనే నా వంటింటిని ఇంజను గదిలా సర్దాడు, డబ్బాలన్నిటికీ చీటీలు, ఒకదాని మీద "ఉప్పు", ఇంకొకదాని మీద "ఉప్పు, అత్యవసరానికి". నేను ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి వచ్చేవాడు. "ఏం చేస్తున్నావ్?" "ఉల్లిపాయ తరుగుతున్నా." "ఆఁ?" "ఉల్లిపాయ!" "ఓహో, ఉల్లిపాయా." పక్క వాటా వాళ్ళక్కూడా తెలుసు మా ఇంట్లో రోజూ ఏం తరుగుతారో. ఎడమచెవి పూర్తిగా పోయింది, ఇంజన్లు తినేశాయి. కుడిచెవిలో సగం మిగిలింది. అందుకే ఎక్కడికెళ్ళినా ముందు నా కుర్చీ చూస్తాడు, తనకి కుడివైపు. పెళ్ళివిందైనా, డాక్టరు గదైనా, తను కూర్చోకముందే కుడివైపు కుర్చీ లాగి దాని వీపు మీద రెండుసార్లు తడతాడు, ఇది నీది అన్నట్టు. ఎడమవైపు ఎవరు కూర్చున్నా అతనికి బెంగలేదు. ఒకసారి మా తమ్ముడి భార్య అటు కూర్చుని గంటసేపు వాళ్ళత్తగారి ఆగడాలన్నీ ఏకరువు పెట్టింది, ఇతను చేపముల్లు తీసుకుంటూ తల ఊపుతూనే ఉన్నాడు, ఇంటికొచ్చేటప్పుడు దారిలో అంటాడు గదా, "మనిషి మంచిది, పాపం ఎక్కువ మాట్లాడదు." ఎంత నవ్వానో ఆ రోజు. ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వాం. చెవి మిషన్ కొన్నాం, పెట్టుకోడు, దాంట్లో గిన్నెల చప్పుడు ఫిరంగుల్లా వినపడుతుందట. బల్లల మీద, కిటికీల్లో మరిచిపోతాడని దాన్ని నేనే నా సంచీలో పెట్టుకుని తిరుగుతాను. ఇప్పుడూ ఇందులోనే ఉంది. నీళ్ళ సీసా, అతని బీపీ బిళ్ళలు, అతని కళ్ళజోడు, ఎండు రొట్టెలు, అగ్గిపెట్టె, చెవి మిషన్, ఇద్దరి గుర్తింపు కార్డులు. చేతులూపుకుంటూ నడిచేది అతను, మోసేది నేను.

ఈ గండి చూడాలని పట్టుబట్టింది కూడా అతనే. ముప్ఫై ఏళ్ళు ఓడలోంచి దీని మొగ చూశాడట, ఇంజను గది నుంచి గాలి కోసం పైకొచ్చినప్పుడల్లా రెండు కొండల మధ్య ఈ చీలిక కనపడేదట, ఒక్కసారి లోపల్నించి నడిచి రావాలని ఉందన్నాడు. సరే అన్నాను. క్రీట్‌లో పది రోజుల సెలవు, అందులో ఒక రోజు నడకకి పోతే పోనీ. పొద్దున ఏడింటికి పైన గేటు దగ్గర టికెట్లు ఇచ్చారు. మీసాల గార్డు, పేరు సీఫిస్, అందరికీ చెప్పినట్టే మాకూ చెప్పాడు, "ఈ ముక్క పారేసుకోకండి. కింద పెట్టెలో వెయ్యాలి. లోపల ఎవరు మిగిలారో మాకు దీంతోనే తెలుస్తుంది." స్తమాతిస్‌కి అదెంత నచ్చిందో. ఓడలోనూ ఇంతే, ఇంజను గదిలోకి దిగేవాడు తన పేరు బిళ్ళ మేకుకి తగిలించి దిగాలి, ఎక్కాక తీసుకోవాలి, మేకుకి బిళ్ళ ఉంటే మనిషి కిందున్నట్టు, అని గార్డుకి పాఠం చెప్పాడు. చెప్పి తన టికెట్టు నాకిచ్చాడు. ఎప్పటిలాగే. నేను రెండూ కలిపి సంచీ పక్క జేబులో పెట్టాను.

అక్కణ్ణించి మొదలు. చెట్టు కనపడితే ఆగడం, మేక కనపడితే ఆగడం, ఊట దగ్గర ఆగి నీళ్ళలో చెయ్యిపెట్టి "ఎంత చల్లగా ఉందో చూడు" అనడం. చూశాను. పదకొండుసార్లు చూశాను. చివరి ఓడ ఐదున్నరకనీ, అది పోతే ఇక్కడ్నించి రోడ్డే లేదనీ చెబుతూనే ఉన్నాను, ఎడమవైపు నుంచి చెబితే వినపడక, కుడివైపు నుంచి చెబితే వినిపించుకోక. రెండింటికి, మనుషులెవరూ ఉండని ఆ పాత ఊరి దగ్గర, దారికి పైగా ఉన్న చిన్న చర్చి చూసి "ఐదు నిమిషాలు" అని లోపలికి దూరాడు. ఐదు పదయ్యాయి, పది ఇరవై అయ్యాయి. నేను ఎండలో, నీడలేని రాతి మీద. పొద్దున ఒకటి, పదింటికి ఒకటి, ఇది మూడో చర్చి. ఎప్పుడూ దేవుడి ముందు టోపీ తియ్యని మనిషికి ఇవాళేం భక్తి పుట్టుకొచ్చిందో. అప్పుడు గుమ్మంలోకి వచ్చి, ఆ నవ్వొకటి మొహాన పెట్టుకుని, "అగ్గిపెట్టె ఉందా నీ దగ్గర?" అన్నాడు.

ఉంది. సంచీలోనే ఉంది. తీసిస్తే అయిపోయేది. అర నిమిషం పని. దానికి బదులు అతని కుడిచెవి దగ్గరికి వెళ్ళాను. కావాలనే కుడివైపుకి వెళ్ళాను, అది నాకు తెలుసు, కాళ్ళు వాటంతటవి వెళ్ళాయని చెప్పుకోలేను. అరిచాను. "బతుకంతా నీ కోసం కాచుకునే ఉండాలా? రేవులో కాచాను, ఇంట్లో కాచాను, ఇప్పుడు ఈ రాళ్ళలోనూ కాచాలా? నువ్వు సముద్రం మీదున్నప్పుడే నాకు హాయిగా ఉండేది!" గండి ఆ మాటని పట్టుకుంది. ఎదురు కొండకి కొట్టి వెనక్కి పంపింది, హాయిగా ఉండేది, ఉండేది. ఊట దగ్గర రొట్టెలు తింటున్న జనం తలలెత్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు రెండేళ్ళు ఊదాను, ఒక్క ముక్క చెవికెక్కలేదు, ఈ ఒక్కటీ ఎక్కింది. "ఆఁ?" అనలేదు. అనుంటే బాగుండేది. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని తియ్యడం మరిచిపోయినట్టు. నేను వెనక్కి తిరిగి నడిచేశాను.

తర్వాత నడిచిన గంట గురించి నిజం చెప్పాలంటే నాకు ఆనందంగా అనిపించింది. ఎవరికోసమూ ఆగకుండా నడిచాను. గండి బాగా ఇరుకైన చోట, రెండు గోడలూ మీదికి వంగి ఆకాశం చీరంచంత మిగిలిన చోట, ఒక్కదాన్నే నిలబడి తల ఎత్తి చూశాను, చల్లటి గాలి మెడ మీద తగిలింది, పుచ్చకాయ ముక్కల హాయి. కింద గేటు దగ్గర కాపలా గార్డు ఎవరికో కాలు మడతపడితే గుడ్డ చుడుతున్నాడు. చెక్కపెట్టె అక్కడే స్టూలు మీద ఉంది. సంచీ పక్క జేబులోంచి తీసి...

ఓడ హారన్. దూరంగా తెల్లగా కనపడుతోంది. ఐదు కావస్తోంది. స్తమాతిస్ ఉంటే ఆ శబ్దానికి ఇంజను వయసు చెప్పేవాడు, అది కడుపులోకి వినపడుతుందట, చెవులతో పనిలేదట. జనం లేచి ఓడ వైపు వెళుతున్నారు. కాలిబాట మీద ఇప్పుడు ఎవరూ లేరు. లేరు కాదు, ఏదో కదిలింది, కంచరగాడిద. దాని వెనక సీఫిస్, ఇంకో గార్డు. అందరికంటే చివర నడిచొచ్చేది వీళ్ళేనని పొద్దున చెప్పారు. వాళ్ళ వెనక చూశాను. ఖాళీ దారి. దుమ్ము కూడా లేదు. గాడిదని తాడుతో కట్టేసి సీఫిస్ నా పక్క బల్ల దగ్గరే కూలబడ్డాడు.

"ఓ చిన్న గ్లాసు రాకీ సారా పొయ్యి, గరుఫల్యా. గండి మూసేశాం."

"అందరూ వచ్చేసినట్టేనా?" అంది గరుఫల్యా గ్లాసు నింపుతూ.

"రెండొందల తొంభై నాలుగు మంది లోపలికి, రెండొందల తొంభై నాలుగు మంది బయటికి. పెట్టె బోర్లించి రెండుసార్లు చూశా. మొన్న ఒక టికెట్టు తగ్గితే ఈ రెండో ఆయనా నేనూ రెండు గంటలు రాళ్ళెక్కాం, తీరా చూస్తే ఆ పెద్దమనిషి దాన్ని పుస్తకంలో గుర్తుగా పెట్టుకుని గదిలో గురకలు పెడుతున్నాడు. ఇవాళ దేవుడు చల్లగా చూశాడు."

ఇందాక గేటు దగ్గర పక్క జేబులోంచి తీసి పెట్టెలో వేశాను. రెండూ కలిపి. అవి ఎప్పుడూ కలిసే ఉంటాయి, సినిమా టికెట్లయినా, ఆస్పత్రి చీట్లయినా, రెండూ కలిపి ఇవ్వడమే నా చేతికి తెలుసు. కోపంలో ఇల్లు వదిలిన మనిషిని కూడా చేతి అలవాటు వదలదు. రెండొందల తొంభై నాలుగులో ఒకడు స్తమాతిస్. మేకు మీద అతని బిళ్ళ నేను తీసేశాను. కింద మనిషున్నాడు.

అప్పుడే లేచి చెప్పాల్సింది. లేవలేదు. దీన్ని ఎవరికీ చెప్పను గానీ నాకు నేను దాచుకోలేను, గోడ గడియారంలో ఐదూ నాలుగు నుంచి ఐదూ పది వరకు నేను కదలలేదు. వస్తాడులే అనుకున్నాను. చిన్నపిల్లాడా, దారి ఒక్కటే, కిందికి నడిస్తే సముద్రమే. గార్డులు ఈల వేసుంటారు. ఈల. సంచీలో చెయ్యి పెడితే చెవి మిషన్ డబ్బా తగిలింది. మధ్యాహ్నం గాలికి పైనుంచి రాళ్ళు దొర్లుతాయి, చప్పుడు విని పక్కకి తప్పుకోవాలని బోర్డు మీద రాసుంది. విని. అయినా లేవలేదు. చెబితే ఈ మీసాలాయన అడుగుతాడు, ఎక్కడ వదిలావు, ఎందుకు వదిలావు అని, గరుఫల్యా వింటుంది, డచ్చి ఆవిడ ఓడ మెట్ల మీదనుంచి చూస్తుంది. సిగ్గు. కానీ ఒట్టి సిగ్గే అయితే ఒక నిమిషంలో పోయేది. ఆరు నిమిషాలు పట్టింది ఇంకోదానికి. వెతకడమంటే దొరకడం. దొరికితే అతని మొహం చూడాలి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అంటూండేది, ఇవాళ కాలు ఒక్కసారి కూడా జారలేదు నాకు. చక్కెర లేని గ్లాసులో మంచు మొత్తం కరిగింది. లేచాను.

"మా ఆయన ఇంకా లోపలే ఉన్నాడు."

సీఫిస్ గ్లాసు దించలేదు. "లోపల ఎవరూ లేరమ్మా. టికెట్లన్నీ వచ్చాయి."

"ఆయన టికెట్టు కూడా నేనే వేశాను."

గ్లాసు దించాడు. "నువ్వే వేశావా! అది మనిషి చేతిలో ఉండాల్సిన కాగితం తల్లీ. ఎక్కడ వదిలావాయన్ని?"

"పాత ఊరు దగ్గర. చర్చిలో."

"అక్కడ రెండుసార్లు ఈల వేశాను. పలకలేదే."

"ఆయనకి వినపడదు."

గరుఫల్యా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. సీఫిస్ నోరు తెరిచాడు, నా నల్లటి బొటనవేలు చూశాడు, అనబోయింది మింగి, "బూట్లు తొడుక్కో" అన్నాడు. ఆ మింగినది నాకు వినపడింది.

ఎక్కుడుదారి. గాడిద ముందు, సీఫిస్ తర్వాత, నేను. ఆ చివరి ఓడ నా వెనక హారన్ కొట్టి వెళ్ళిపోయింది. వాకీటాకీలో ఇంకో గార్డుతో ఏదో మాట్లాడుతున్నాడు, నాకు ముక్కలు ముక్కలుగా, పెద్దాయన, అరవై నాలుగు, తెల్ల చొక్కా, చెవులు, అని. తెల్ల చొక్కా అని నేనే చెప్పానా? తెల్లదేనా? పొద్దున ఇస్త్రీ మడత విప్పి నేనే ఇచ్చాను, నీలం గీతలది. గీతలది అని అరిచాను, సీఫిస్ చెయ్యి ఊపాడు, ఇక్కడ నీలం గీతల వాళ్ళెంతమంది ఉంటారమ్మా ఇప్పుడు అన్నట్టు. "స్తమాతిస్!" అని పిలిచాను. ఎందుకు పిలిచానో. కొండలు నాకే ఇచ్చాయి వెనక్కి. ఇరుకు చోటు దాటాం, మధ్యాహ్నం నేను తలెత్తి ఆనందపడ్డ చోటు, గోడల మీద ఎండ పోయి అదంతా బూడిదరంగుగా ఉంది, తల ఎత్తలేదు. తుఫాను గుర్తొచ్చింది. ఆ జనవరిలో ఓడ తొమ్మిది గంటలు ఆలస్యం, తెల్లారి ఐదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా వానలో రేవు వదల్లేదు నేను, ఫ్లాస్కులో టీ మూడుసార్లు చల్లారింది, పోర్టు ఆఫీసువాడు లోపల కూర్చోమంటే లోపల్నించి కనపడదని రానన్నాను. అతను దిగాక ఏమన్నాను? "సాక్సులు తడిశాయా?" అన్నాను. తొమ్మిది గంటలు కాచినట్టు చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు. హాయిగా ఉండేదని మాత్రం చెప్పాను. నా దగ్గర రెండూ ఉన్నాయి, రెండూ నిజమే, చెప్పింది ఒకటే.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది, అది రాకుండా ఉంటే బాగుండేది. పెళ్ళైన కొత్తలో ఈస్టర్ ముందు సంతలో తప్పిపోయాం. నేను అతన్ని వెతుక్కుంటూ, అతను నన్ను వెతుక్కుంటూ, ఒకళ్ళ చుట్టూ ఒకళ్ళం తిరిగి మధ్యాహ్నానికి ఇంటి గుమ్మంలో కలిశాం, నేను ఏడుస్తూ. ఆ రోజు వేలు చూపించి చెప్పాడు. "ఓడలో పద్ధతి చెబుతా విను. తప్పిపోతే ఇద్దరూ ఒకేసారి కదలకూడదు. ఒకరు చివర చూసుకున్న చోట ఆగాలి. ఆ ఒకరు నేను. నేనక్కడే ఉంటా, నువ్వు రా." ముప్ఫై ఏడేళ్ళలో ఎన్ని సంతలు, ఎన్ని రైలు స్టేషన్లు, ప్రతిచోటా నేను వెనక్కి వెళ్ళేదాన్ని, అతను అక్కడే ఉండేవాడు. నేను కాచానని అరిచాను గదా. ఎన్నిసార్లు అతను కాచాడో ఎప్పుడూ ఎంచలేదు.

చర్చి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. నీలం గీతల చొక్కా, టోపీ మోకాలి మీద. నేను వెళ్ళినప్పుడు గుమ్మంలో ఎక్కడున్నాడో అక్కడికి రెండడుగులు. సీఫిస్ "ఓ పెద్దాయనా!" అని కేక వేశాడు, ఈల వేశాడు, స్తమాతిస్ ఎదురు కొండ మీద మేకని చూస్తూనే ఉన్నాడు. మా నీడలు కాళ్ళ మీద పడ్డాక తల తిప్పాడు.

"వచ్చావా."

"ఇక్కడే కూర్చున్నావేం? గండి మూసేశారు! ఓడ వెళ్ళిపోయింది!"

"ఇక్కడే గదా విడిపోయాం." అంతే అన్నాడు. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. అగ్గిపెట్టె తీసి ఇచ్చాను. దాన్ని కాసేపు చూసి, "ఇప్పుడక్కర్లేదులే" అన్నాడు. చెవి మిషన్ డబ్బా ఇచ్చాను. అది తీసుకున్నాడు, చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

సీఫిస్ వాకీటాకీలో అరుస్తుంటే నేను చర్చి లోపలికి వెళ్ళాను, అతని ముందు నిలబడలేక. చీకటి, మైనం వాసన. అగ్గిపుల్ల గీశాను. మసిబారిన పటం కింద తీగకి మొక్కుబడి రేకులు వేలాడుతున్నాయి, మా అమ్మ, మా అత్తగారు కట్టినవాటి లాంటివే, ఎవరి కాలు నయం కావాలంటే వాళ్ళు కాలు, ఎవరికి పిల్లలు కావాలంటే వాళ్ళు పాపాయి. నల్లబడిన చేతులు, కళ్ళు, గుండెలు. వాటి మధ్య ఒకటే కొత్తది తళతళ మెరుస్తోంది. చెవి. ఎడమచెవి, ఎర్రదారంతో, ఇంజనువాళ్ళు వేసే ముడితో కట్టింది. వాళ్ళమ్మ మోకాలి రేకు కట్టినప్పుడు "దేవుడికేమైనా విడిభాగాల కొట్టుందా?" అని నవ్విన మనిషి. ఏ కొట్లో కొన్నాడో, ఎన్నాళ్ళు జేబులో దాచుకున్నాడో, పొద్దుటినుంచి రెండు చర్చిల్లో దూరి ఏ పటం ముందూ ధైర్యం చాలక ఇక్కడ కట్టాడు. పోయిన శీతాకాలంలో నేనన్నాను, నీతో మాట్లాడినా గోడతో మాట్లాడినా ఒకటే అని. అప్పుడూ నవ్వాడు. రేకు కింద ఇసకలో ఒక కొవ్వొత్తి నిలబెట్టి ఉంది. వెలిగించనిది. పుల్ల వేళ్ళు కాల్చి ఆరిపోయింది. ఇంకోటి గియ్యబోయి ఆగాను, అది నేను వెలిగించాల్సింది కాదు, వెలిగించాల్సిన వేళా కాదు.

దిగేటప్పుడు అతను ముందు. ముప్ఫై ఏడేళ్ళలో మొదటిసారి అతను ముందు నడిచాడు, ఎక్కడా ఆగలేదు, ఊట దగ్గర కూడా. దారి ఒక్క మనిషి వెడల్పే. నేను వెనక నుంచి చెబుతూ నడిచాను. "క్షమించు" అన్నాను. "తుఫాను రోజు తొమ్మిది గంటలు నిలబడ్డాను తెలుసా" అన్నాను. అతని వీపుకి చెప్పాను, మెడ మీద ఎండకి కమిలిన మడతకి చెప్పాను. కుడిపక్కకి వెళదామంటే బండలు. దారి వెడల్పైనప్పుడు చెబుదాం అనుకున్నాను, వెడల్పైనప్పుడు సీఫిస్ మా మధ్యకి వచ్చి ఓడల గురించి అడిగాడు, స్తమాతిస్ ఉత్సాహంగా చెప్పాడు.

గేటు దగ్గర ఆ చెక్కపెట్టె ఇంకా స్టూలు మీదే ఉంది. స్తమాతిస్ దాని ముందు ఆగి టోపీ తీశాడు, టికెట్ల సంగతి సీఫిస్ దారిలో చెప్పినట్టున్నాడు. "మీ లెక్కలో నేను మూడున్నరకే బయటపడిపోయాను గదా? మరి ఇప్పుడొచ్చిందెవరో మీరే తేల్చుకోవాలి." సీఫిస్ పగలబడి నవ్వాడు. ఎదురొచ్చిన గరుఫల్యా కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మా ఆవిడ అంతే, పనులన్నీ ముందే చక్కబెట్టేస్తుంది" అన్నాడు. అతనూ నవ్వాడు. నేను పెట్టె చూస్తూ నిలబడ్డాను.

రాత్రికి మేడమీద గది ఉందంది గరుఫల్యా, చేపలు కాల్చింది. ఇంకా వెలుగు పోలేదు, సముద్రం ఖాళీగా ఉంది. స్తమాతిస్ ఎప్పటిలాగే నాకంటే ముందు బల్ల దగ్గరికి వెళ్ళాడు. నేను కుడివైపుకి నడుస్తున్నాను, కాళ్ళకి తెలుసు గదా. అతను టోపీ తీసి కుడివైపు కుర్చీలో పెట్టాడు. టోపీ పక్కన అగ్గిపెట్టె పెట్టాడు, అదెప్పుడు తీసుకున్నాడో నేను చూడలేదు. తర్వాత ఎడమవైపు కుర్చీ లాగి, దాని వీపు మీద రెండుసార్లు తట్టాడు.

కూర్చున్నాను. అన్నీ చెప్పాను. హాయిగా ఉండేదన్నది నిజమేనని, కానీ అది ఎంత చిన్న నిజమో, తొమ్మిది గంటలు, మూడుసార్లు చల్లారిన టీ, టికెట్లు, గడియారంలో ఆ ఆరు నిమిషాలు, తీగ మీద రేకు చెవి, ఏదీ దాచలేదు, ఏడుస్తూ చెప్పాను. అతను చేపముల్లు తీసి మెత్తటి ముక్కలు నా కంచంలో వేస్తూ, సముద్రం వైపు చూస్తూ, మధ్యమధ్యలో తల ఊపుతూ విన్నాడు. గరుఫల్యా రొట్టె తెచ్చి నా మొహం చూసి, "ఏమైందమ్మా?" అంది.

"ఏం లేదు" అన్నాడు స్తమాతిస్, నా బదులు. "మనిషి మంచిది, పాపం ఎక్కువ మాట్లాడదు."